పాలదూడలకు విటమిన్ల లెక్క: పది వారాల ప్రాజెక్టు డైరీ

ఈతలకు 5 వారాల ముందు

రెండేళ్ల కిందటి ఈతల్లో పుట్టిన ఒక పెయ్యదూడ పదో రోజున లేచి నిలబడలేకపోయింది. ముందు మోకాళ్లపై ఆనుకొని, నడుము పైకెత్తి, వెనుక కాళ్లు గజగజ వణుకుతుండగా అరనిమిషం పోరాడి మళ్లీ గడ్డిపై కూలబడేది. సీసా నోటి దగ్గర పెడితే తాగాలన్న ఆత్రం కనిపించేది గాని, చప్పరించే బలం ఉండేది కాదు. పరీక్షించిన పశువైద్యురాలు, ఇది విటమిన్ ఇ, సెలీనియం అనే ఖనిజం లోపించడం వల్ల వచ్చే తెల్ల కండర వ్యాధి కావచ్చునని చెప్పి, ఆ రెండూ కలిసిన ఇంజెక్షన్ ఇచ్చారు. దూడ కోలుకుంది. కడుపునిండా పాలు తాగుతున్న దూడకు విటమిన్ లోపం ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం అప్పటి నుంచి నన్ను వదలలేదు.

ఈ ప్రాజెక్టు ఆ ప్రశ్నలోంచే పుట్టింది. రాబోయే ఆరు ఈతల్లో పుట్టే ప్రతి దూడకూ, పుట్టిన రోజు నుంచి పాలు మాన్పించే దాకా, రోజుకు ఎంత విటమిన్ నిజంగా కడుపులోకి చేరుతున్నదో లెక్కగట్టి, తక్కువైన చోట పూరించాలని నిర్ణయించుకున్నాను. కొలబద్దగా అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2001లో ప్రకటించిన అంకెలను తీసుకున్నాను. వాటి ప్రకారం పాలకు బదులుగా వాడే పాలపిండిలో, తేమ తీసేసి చూస్తే, కిలోకు విటమిన్ ఎ 9,000 యూనిట్లు, డి 600, ఇ 50 ఉండాలి. దూడలు మొదట తినే స్టార్టర్ దాణాలో కిలోకు ఎ 4,000, డి 600, ఇ 25 ఉండాలి. దూడ బరువును బట్టి చూస్తే, ప్రతి కిలో బరువుకూ రోజుకు 110 యూనిట్ల విటమిన్ ఎ కావాలి. ఈ డైరీలో యూనిట్లన్న చోటల్లా అంతర్జాతీయ యూనిట్లనే అర్థం.

ఈతలకు 4 వారాల ముందు

దూడల పని చూలు ఆవుల దగ్గరే మొదలుపెట్టాను. ఎ, డి, ఇ విటమిన్లు కొవ్వులో కరిగేవి. అవి మావిని దాటి గర్భంలోని దూడకు చేరేది చాలా తక్కువ. అందుచేత ఎంత పుష్టిగా పుట్టిన దూడైనా కాలేయంలో దాదాపు ఖాళీ గాదెతోనే పుడుతుంది. ఆ గాదెను మొదట నింపేవి ముర్రుపాలు. ముర్రుపాలలో విటమిన్లు దండిగా ఉండాలంటే, పాలు వట్టిపోయిన ఆ చివరి వారాల్లో తల్లి మేతలో అవి ఉండాలి.

ఈ సందర్భంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1907లో మొదలైన ప్రయోగాన్ని తలచుకోకుండా ఉండలేను. అక్కడ 16 పడ్డలను నాలుగు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మొక్కజొన్న మాత్రమే, ఒక గుంపుకు గోధుమ మాత్రమే, ఒకదానికి ఓట్లు మాత్రమే, నాలుగో దానికి మూడూ కలిపి మేపారు. రసాయన విశ్లేషణ ప్రకారం నాలుగు మేతలూ సమానమైనవే. అయినా మొక్కజొన్న తిన్నవి బలమైన దూడలను కనగా, గోధుమ తిన్న వాటి దూడలు నెలలు నిండకుండానో, చచ్చిపోయో పుట్టాయి. ఆ ఫలితాలు 1911లో అచ్చయ్యాయి. రెండేళ్లకు, 1913లో, అదే విశ్వవిద్యాలయంలో ఎల్మర్ మెకాలమ్, మార్గరీట్ డేవిస్ వెన్నలోని ఒక పదార్థం ఎదుగుదలకు తప్పనిసరి అని నిరూపించారు. దాన్నే మనం ఇప్పుడు విటమిన్ ఎ అంటున్నాం. పసుపు మొక్కజొన్నకూ ఈ విటమిన్‌కూ ఉన్న సంబంధాన్ని 1919లో హారీ స్టీన్‌బాక్ గుర్తించారు. ఒక శతాబ్దం క్రితమే తల్లి మేత నుంచి దూడ కంటిచూపు దాకా తెగని దారం ఒకటి ఉందని ఇంత స్పష్టంగా తెలిసినా, నేను ఇన్నేళ్లు చూలు ఆవుకు వెలిసిపోయిన ఎండుగడ్డే చాలునని ఎలా అనుకున్నానో ఇప్పుడు తలచుకుంటే బాధ కలుగుతున్నది. ఈసారి ఆరు ఆవులకూ పచ్చిమేత వాటా పెంచి, విటమిన్ ఇ, సెలీనియం ఉన్న ఖనిజ మిశ్రమాన్ని వైద్యురాలు చెప్పిన మోతాదులో మొదలుపెట్టాను.

1వ రోజు

తెల్లవారుజామున మొదటి దూడ పుట్టింది; 38 కిలోలు. తల్లి పొదుగు కడిగి, మొదటి ధారలు వదిలేసి పిండితే, చెంబులోకి చిక్కగా, పసుపు కలిపిన మీగడలా దిగాయి. ఆ పసుపు రంగు, శరీరం విటమిన్ ఎ గా మార్చుకొనే కెరోటిన్‌ది. ముర్రుపాల చిక్కదనాన్ని కొలిచే బ్రిక్స్ మీటరు అద్దంపై ఒక చుక్క వేసి చూశాను, 24 చూపించింది. 22 దాటితే వ్యాధినిరోధక ప్రతిరక్షకాలు తగినంత ఉన్నట్టు లెక్క. బరువులో పదో వంతు తాగించాలన్న నియమం ప్రకారం 3.8 లీటర్లు కావాలి. రెండు గంటల లోపు మూడు లీటర్లు తాగింది, మిగిలినది మధ్యాహ్నానికి పూర్తిచేసింది.

ప్రతిరక్షకాల కోసం తొందరపడతాం గనుక ముర్రుపాలను ఒక రక్షణ కవచంగానే చూస్తాం. నా దృష్టిలో ఇవి దూడకు మొదటి విటమిన్ మోతాదు కూడా. మామూలు పాలకంటే ముర్రుపాలలో ఎ, ఇ విటమిన్లు ఎన్నో రెట్లు ఎక్కువ. వీటిని వదులుకొన్న దూడకు ఆ తరువాత ఎన్ని చుక్కల మందు వేసినా, తొలి రోజుల్లో ఏర్పడిన ఆ ఖాళీని భర్తీ చేయడం కష్టం.

3వ రోజు

రెండో ఈత రాత్రి జరిగింది. ఈ ఆవు ముర్రుపాలు నీరులా పలుచగా ఉన్నాయి. మీటరు 17 దగ్గర ఆగింది. మొదటి ఆవువి మిగిలినవి గడ్డకట్టించి ఉంచాను గనుక, ఆ సంచిని గోరువెచ్చని నీటిలో ఉంచి, నీళ్లు 50 డిగ్రీలు దాటకుండా చూసుకుంటూ కరిగించి తాగించాను. ఆత్రపడి మరిగే నీటిలో ముంచితే ప్రతిరక్షకాలు పాడైపోతాయి. కరగడానికి పట్టిన ముప్పావు గంట చాలా పొడవుగా అనిపించింది.

6వ రోజు

ఈ రోజంతా కాగితం మీద గడిచింది. మొత్తం ప్రాజెక్టులో నాకు కళ్లు తెరిపించిన రోజు ఇదే గనుక లెక్కను పూర్తిగా రాస్తున్నాను.

మొదటి మూడు దూడలకు తల్లిపాలు, తరువాతి మూడింటికి ముర్రుపాల రోజులు గడిచాక పాలపిండి పోయాలన్నది నా ప్రణాళిక. దూడ రోజుకు ఆరు లీటర్ల పాలు తాగుతుంది. పాలలో నీరు పోగా మిగిలే పదార్థం దాదాపు ఎనిమిదో వంతు. అంటే రోజుకు సుమారు 750 గ్రాములు. నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ నివేదికలోని పట్టిక ప్రకారం, మామూలు పాలలో తేమ తీసేసిన కిలో పదార్థానికి ఎ 11,500 యూనిట్లు, డి 307, ఇ 8 ఉంటాయి. 750 గ్రాములకు లెక్కిస్తే దూడకు అందేవి ఎ 8,625, డి 230, ఇ కేవలం 6 యూనిట్లు.

ఇప్పుడు అవసరం చూద్దాం. 40 కిలోల దూడకు విటమిన్ ఎ రోజుకు 4,400 యూనిట్లు చాలు. పాలు దాదాపు దానికి రెట్టింపు ఇస్తున్నాయి. పాలపిండికి పెట్టిన ప్రమాణాన్నే అదే 750 గ్రాములకు వర్తింపజేస్తే డి 450 యూనిట్లు ఉండాలి. పాలలో సగమే ఉంది. ఇ 37.5 యూనిట్లు ఉండాలి. పాలలో ఆరో వంతు కూడా లేదు. దూడల విటమిన్ అనగానే అందరం ఎ వైపే చూస్తాం. మంచి పాలు తాగే దూడకు లోటు అక్కడ లేదు. వెన్న తీసిన పాలు పోస్తే మాత్రం కథ మారుతుంది. వెన్నతోపాటే ఎ, డి, ఇ మూడూ వెళ్లిపోతాయి. పదో రోజున కూలబడిన ఆ పెయ్యదూడ కడుపు నిండే ఉంది, కాని ఆ కడుపులో ఇ లేదు. ఎండుగడ్డి తిన్న తల్లి ముర్రుపాలలోనూ అది తగినంత ఉండి ఉండదు.

8వ రోజు

వైద్యురాలితో మాట్లాడి, తల్లిపాలు తాగే మూడు దూడలకూ రోజుకు 30 యూనిట్ల విటమిన్ ఇ ఉదయం పాలలో కలపాలని నిర్ణయించాం. సెలీనియాన్ని మాత్రం విడిగా చేర్చడం లేదు. మొత్తం మేతలో కిలోకు 0.3 మిల్లీగ్రాములే దాని అవసరం. అవసరానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ గనుక ఆ నిర్ణయం వైద్యులదే కావాలి.

మొదట నూనె రూపంలోని ఇ తెచ్చి కలిపాను. దూడ తాగేశాక బకెట్ లోపల వేలు పెట్టి రాస్తే వేలికి జిడ్డు అంటింది. గోడ చుట్టూ మెరుస్తున్న వలయంలా, నేను ఇచ్చాననుకొన్న మోతాదులో ఎంతో భాగం అక్కడే నిలిచిపోయింది. మరుసటి రోజు నుంచి నీటిలో కలిసే ద్రావణానికి మారి, దాన్ని ముందుగా ఒక గ్లాసు పాలలో కలిపి, ఆ గ్లాసును దూడ మొదట తాగేలా చూస్తున్నాను.

11వ రోజు

విటమిన్ డి కోసం మందు కంటే ముందు ఎండను నమ్మాను. చర్మంలోని ఒక కొవ్వు పదార్థంపై అతినీలలోహిత బి కిరణాలు పడినప్పుడు దూడ శరీరమే డి తయారుచేసుకొంటుంది. అయితే నేను చేస్తున్న పొరపాటు ఒకటి బయటపడింది: దూడలను సూర్యోదయానికే బయటికి వదిలి, పొద్దెక్కగానే లోపలికి తోలేవాణ్ణి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఈ కిరణాలు నేలకు చేరేది అతి స్వల్పం. గాజు కిటికీలోంచి వచ్చే ఎండకూ ఈ గుణం ఉండదు; గాజు వాటిని ఆపేస్తుంది. ఇప్పుడు ఆరుబయట దడిలో సగానికి నీడ కట్టించి, పొద్దు బాగా ఎక్కాక కూడా దూడలు తమ ఇష్టం వచ్చినట్టు ఎండలోకీ నీడలోకీ తిరిగేలా ఏర్పాటు చేశాను. మోకాళ్ల కీళ్లు ఉబ్బుతున్నాయా, ముందు కాళ్లు వంగుతున్నాయా అని వారానికోసారి చేత్తో తడిమి చూస్తున్నాను. డి లోపంతో ఎముకలు మెత్తబడే రికెట్స్ మొదట కనిపించేది అక్కడే.

15వ రోజు

ఈ రోజు దొరికిన తప్పు నన్ను చాలా కలవరపెట్టింది. పాలపిండి సంచి మీది చీటీ ప్రకారం విటమిన్ ఇ కిలోకు 60 యూనిట్లు. ఎ, డి కూడా ప్రమాణానికి మించే ఉన్నాయి. లీటరుకు 125 గ్రాములు కలిపితే రోజుకు 750 గ్రాములు, అంటే ఇ 45 యూనిట్లు అందాలి. నిశ్చింతగా ఉన్నాను. పొద్దున దూడలకు పాలు కలిపే మా సహాయకుడు సంచిలోని గరిటెతో పిండి తీస్తుండగా, ఎందుకో ఆ గరిటెడు పిండిని తక్కెడలో వేయమన్నాను. 95 గ్రాములే తూగింది. "మొదటి నుంచీ ఇదే గరిటె అండీ, లీటరుకు ఒకటి" అన్నాడతను, ముఖం చిన్నబుచ్చుకొని. తప్పు అతనిది కాదు. తూచి చూపించని నాది.

ఆరు గరిటెలకు 570 గ్రాములు. ఇ 34 యూనిట్లు. చీటీ మీద చూస్తే ప్రమాణానికి పైన, దూడ కడుపులో చూస్తే కింద. పైగా మూడు దూడలకూ మాంసకృత్తులు, శక్తి కూడా దాదాపు నాలుగో వంతు తగ్గాయి; విటమిన్ లోటు కంటే అదే పెద్ద నష్టం. పాలపిండిలో కూరగాయ నూనెలు ఎక్కువగా ఉంటే, వాటిలోని త్వరగా చెడిపోయే కొవ్వుల వల్ల దూడకు ఇ అవసరం ఇంకా పెరుగుతుంది గనుక అక్కడ తరుగు మరీ ప్రమాదకరం. గరిటె తీసివేసి, ఆరు డబ్బాల్లో ముందురోజు సాయంత్రమే పిండి తూచి ఉంచడం మొదలుపెట్టాం. పెంచడం కూడా ఒక్కసారిగా కాక, కడుపు తట్టుకొనేలా మూడు రోజుల్లో పెంచాం.

17వ రోజు

మూడో దూడకు పారుడు పట్టుకుంది. పాలు ఆపలేదు, పాలకూ పాలకూ మధ్య లవణాల ద్రావణం రెండు లీటర్ల చొప్పున తాగించాం. మూడో రోజుకు తోక మళ్లీ శుభ్రంగా కనిపించింది.

ఈ మూడు రోజులూ బి విటమిన్ల మందు వెంటనే పోయాలన్న తొందర నాలో కలిగిన మాట నిజం. పెద్ద పశువులకు బి విటమిన్లు మేతలో వెతకనవసరం లేదు. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే తయారుచేస్తాయి. పాలదూడ పెద్దపొట్ట ఇంకా పనిచేయదు. తాగిన పాలు ఆహారనాళపు గాడి వెంట దాన్ని తప్పించుకొని నేరుగా నాలుగో పొట్టలోకి జారిపోతాయి గనుక, ఈ వయసులో దూడ బి విటమిన్ల విషయంలో ఒంటిపొట్ట జంతువుతో సమానం. అందుకే పాలపిండిలో కిలోకు థయామిన్, రైబోఫ్లేవిన్, పిరిడాక్సిన్ 6.5 మిల్లీగ్రాముల చొప్పున, నియాసిన్ 10, పాంటోథెనిక్ ఆమ్లం 13, కోలిన్ 1,000 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం. మంచి పాలలో ఇవి చాలినంత ఉంటాయి. కాబట్టి పాలు ఆపకుండా ఉండడమే ఆ దూడకు నేను ఇచ్చిన బి విటమిన్. ఒక జాగ్రత్త మాత్రం కొత్తగా తీసుకున్నాను: పాల బకెట్లపై మూతలు పెడుతున్నాను, ఎందుకంటే వెలుతురు తగిలిన పాలలో రైబోఫ్లేవిన్ నశిస్తుంది.

కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి వల్ల వచ్చే రోగానికి వాడే ఆంప్రోలియం మందు గురించి వైద్యురాలు చెప్పిన హెచ్చరిక కూడా రాసి ఉంచాలి. ఆ మందు థయామిన్‌ను పోలిన రూపంతో పరాన్నజీవిని మోసగించి పనిచేస్తుంది. మోతాదు, రోజులు మితిమీరితే దూడకే థయామిన్ కరవై, మెదడు దెబ్బతిని, తల వెనక్కి విరుచుకొని పడిపోయే ప్రమాదం ఉంది. విటమిన్ సి గురించి నాకు బెంగ లేదు. సుమారు మూడు వారాల వయసుకు దూడ దాన్ని తానే తయారుచేసుకోగలుగుతుంది.

24వ రోజు

దూడలను చూడడానికి వచ్చిన ఒక మిత్రుడు, ఈ లెక్కలన్నీ ఎందుకు, ఎ-డి-ఇ సూది ఒకటి వేసేస్తే పోతుంది గదా అన్నారు. ఆయన తెచ్చిన సీసాపై విటమిన్ ఎ మిల్లీలీటరుకు 2,50,000 యూనిట్లని ఉంది. 40 కిలోల దూడకు అది దాదాపు 57 రోజుల అవసరం. లోపం నిర్ధారణ అయినప్పుడు వైద్యులు కొలిచి ఇచ్చే మోతాదు వేరు. ముందుజాగ్రత్త పేరుతో పదేపదే పొడవడం వేరు. కొవ్వులో కరిగే విటమిన్లు మూత్రంలో పోవు, శరీరంలో పేరుకుంటాయి. పసిదూడలకు ఎ, డి3 విపరీతంగా ఇస్తే వెనుక కాళ్ల ఎముకల్లో ఎదుగుదల పొరలు ముందే మూసుకుపోయి, వెనుక భాగం కుంగిపోతుంది. ఆ ఆకారాన్ని బట్టి దానికి హైనా రోగమని పేరు వచ్చింది. డి ఒక్కటే ఎక్కువైనా రక్తనాళాలలో, మూత్రపిండాలలో సున్నం పేరుకుంటుంది. మిత్రుడికి నా పుస్తకంలోని 6వ రోజు పేజీ చూపించాను. సీసా ఆయన తిరిగి పట్టుకెళ్లారు.

5వ వారం

దూడలన్నీ స్టార్టర్ దాణా తింటున్నాయి. నాలుగో రోజు నుంచే గుప్పెడు దాణా, ఎప్పుడూ శుభ్రమైన నీళ్లు అందుబాటులో ఉంచాం. గింజలు పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలే పెద్దపొట్ట లోపలి పొరను ఎదిగిస్తాయి. మూడో వారం చివర రెండో దూడ నీడలో పడుకొని కళ్లు అరమోడ్చి నెమరు వేస్తుంటే, ఆ చిన్న దవడ కదలికను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. బి విటమిన్లనూ కె విటమిన్‌నూ ఇకపై లోపలే తయారుచేసుకొనే కార్ఖానా మొదలైందన్నమాట. దానిలో బి12 తయారుకావాలంటే మేతలో కోబాల్టు ఉండాలి. ఖనిజ మిశ్రమంలో అది ఉందని సరిచూశాను.

దాణాలో కలిపే విటమిన్ మిశ్రమం సంచిని ఎవరో నీళ్ల తొట్టి పక్కన పెట్టారు. అడుగు భాగం తడి తగిలి ఉండకట్టి, విప్పగానే ముక్క వాసన వేసింది. తడి, వేడి, వెలుతురు, రాగి, ఇనుము వంటి ఖనిజాల స్పర్శ, ఇవన్నీ విటమిన్ ఎ ను తినేస్తాయి. సంచి మొత్తం పారబోసి, కొత్తదాన్ని గట్టి మూత ఉన్న డబ్బాలో, చీకటి గదిలో పెట్టించాను.

7వ వారం

పాలు మాన్పించే ముందు లెక్కను మళ్లీ వేశాను. ఊహించని చోట విటమిన్ ఎ లోటు కనిపించింది. చాతీ చుట్టుకొలత టేపు ప్రకారం మొదటి దూడ ఇప్పుడు 70 కిలోలకు దగ్గరగా ఉంది. దాని అవసరం 7,700 యూనిట్లు. రోజుకు కిలో దాణా మూడు రోజులు వరసగా తింటే పాలు ఆపవచ్చునన్నది అందరూ పాటించే నియమం. కాని కిలో దాణాలో ఎ 4,000 యూనిట్లే. పాలు ఒక్కసారిగా ఆపేస్తే 3,700 యూనిట్ల వెలితి. పశువులలో ఒక మిల్లీగ్రాము బీటా కెరోటిన్‌ను 400 యూనిట్ల ఎ గా లెక్కగడతారు గనుక, 9 మిల్లీగ్రాములకు పైగా కెరోటిన్ ఈ వెలితిని పూడ్చగలదు. పచ్చదనం నిలిచేలా నీడలో ఆరబెట్టిన లేత గడ్డి నుంచి అది రావచ్చు. ఎండకు తెల్లబోయిన గడ్డిలో మాత్రం దాదాపు ఏమీ మిగలదు.

ఇది భయపడవలసిన లోటు కాదని నా అభిప్రాయం. ఆరు వారాలు పాల ద్వారా అందిన అదనపు ఎ కాలేయంలో నిల్వ ఉంది. దాణా రోజుకు రెండు కిలోలకు చేరేసరికి లెక్క తానే సరిపోతుంది. అయినా మధ్య రోజులను దూడ నిల్వలకే వదిలేయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుచేత తల్లిపాల దూడలకు పాలు పది రోజులపాటు రోజుకు రెండు లీటర్ల వద్ద నిలిపాను. ఆ రెండు లీటర్ల నుంచి 2,875 యూనిట్లు, దాణా నుంచి 4,000, మిగిలిన కొద్దిపాటి కోసం గుప్పెడు పచ్చని ఎండుగడ్డి. పాలపిండి దూడలకూ ఇదే వరస పాటించాం.

10వ వారం

ఆరు దూడలూ పాలు మానాయి. నిన్న మునిచీకటిలో దడి మధ్యన రెండు వెదురు బొంగులు అడ్డంగా పడేసి, ఒక్కో దూడనూ అటువైపు నుంచి దాణా చప్పుడు చేసి పిలిచాం. విటమిన్ ఎ లోపంతో రేచీకటి వచ్చిన దూడ అడ్డాలకు తగిలి తడబడుతుంది. మా దూడలు ఆరూ ఆగి, తల వంచి చూసి, కాలెత్తి దాటాయి. కళ్ల వెంట నీరు కారడం లేదు, కీళ్లు నున్నగా ఉన్నాయి, వెనుక కాళ్లలో వణుకు ఒక్కదానికీ రాలేదు. ఆరు దూడలతో చేసిన ఈ పనిని ప్రయోగమని చెప్పుకోను; మేత మార్చిన తల్లుల వల్ల ఎంత మేలు జరిగిందో, పాలలో కలిపిన చుక్కల వల్ల ఎంత జరిగిందో దీనిలోంచి విడదీయలేం.

తూకం డబ్బాల పద్ధతి, బకెట్ల మూతలు, పది రోజుల నెమ్మది మాన్పింపు ఇకపై మా కొట్టంలో శాశ్వతం. రెండేళ్ల కిందట కూలబడిన పెయ్య ఇప్పుడు చూలుతో ఉంది. దాని మేతలోకి పచ్చిగడ్డినీ ఖనిజ మిశ్రమాన్నీ ఈ ఉదయమే చేర్చాను. ఈతకు ఇంకా ఆరు వారాలు ఉంది.